బోర్లించిన గిన్నె

పోయిన వారం పెద్దల్లుడిని మనం ఆయన ఫ్రేముల షాపులోనే వదిలి వచ్చాం. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుని, ఫోనులో ఒక ఫిర్యాదు రాసి, రాసిందాన్ని మళ్ళీ మళ్ళీ చదువుకుని మురిసిపోయి, చివరికి పంపించేశాడు. పంపించాక ఆ ఫోను కొట్టుకొచ్చిన సొత్తయినట్టు సొరుగులో పెట్టి తాళం వేశాడు కూడా.

ఎందుకు రాశాడో, ఎవరి మీద రాశాడో మరిచిపోయిన వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఉపగ్రహాలు పైనుంచి తీసిన ఫొటోల్లో భూగోళమంతా గాలించి వింతలు పట్టుకునేవాళ్ళు కొంతమంది ఆన్‌లైన్లో ఒక బృందంగా చేరారు. దాని పేరు ‘ఆకాశ కిటికీ’. ఎడారి నడుమ కన్ను తెరిచినట్టుండే రాతి వలయాలు, సముద్రపు ఒడ్డున గులాబీ రంగు తిరిగిన ఉప్పుమళ్ళు, చెరువులో ద్వీపం, ఆ ద్వీపంలో మళ్ళీ ఒక చెరువు, మంచు మీద పెంగ్విన్ల గుంపు వదిలిన గోధుమరంగు మరక. ఏ వింత ఎవరి కంట ముందు పడితే అది వాళ్ళది. పెద్దల్లుడు అందులో పాతకాపు. ‘డేగకన్ను’ అని తనకు తనే పేరు పెట్టుకున్నాడు. ఏటా ఒకసారి లైబ్రరీ హాల్లో ఈ బృందం ఎగ్జిబిషన్ పెడుతుంది. ఆ ఏటి మేటి వింతకి ఎదురుగోడ ఇస్తారు. హాల్లోకి అడుగుపెట్టగానే కనిపించే గోడ అది. దాని మీద తన బొమ్మ చూసుకోవాలని పెద్దల్లుడు ఏళ్ళ తరబడి కలలు కంటున్నాడు. ప్రతిసారీ పక్కగోడే దక్కింది. ఒకసారైతే మంచినీళ్ళ డ్రమ్ము వెనక గోడ దక్కింది.

ఈ ఏడు ఎదురుగోడ చిన్నల్లుడికి పోయింది. చిన్నల్లుడంటే పెద్దల్లుడి భార్యకి చెల్లెలి మొగుడు, స్వయానా తోడల్లుడు. డ్రైవింగ్ స్కూల్లో జనానికి కారు నేర్పుతాడు. బృందంలో నిన్నగాక మొన్న చేరాడు. ఎండిన పీఠభూమి మధ్య ఒక పెద్ద గుండ్రటి గుంట, దాని అడుగున దట్టమైన అడవి ఉన్న బొమ్మ పెట్టి అందరి నోళ్ళూ తెరిపించాడు.

పెద్దల్లుడు నోరు తెరవలేదు, కళ్ళు చికిలించాడు. చికిలించి ఒక లోపం పట్టుకున్నాడు. ఆ చోటు భూమధ్యరేఖకి బాగా ఉత్తరాన ఉందని చెప్పారు. అలాంటిచోట ఎండ దక్షిణం నుంచి వస్తుంది కాబట్టి, ఉత్తరం పైకి ఉండే ఉపగ్రహం ఫొటోలో నీడ పైకి పడాలి. ఈ బొమ్మలో నీడలు కిందికి పడ్డాయి. ఇంకేముంది, ఎక్కడెక్కడి ముక్కలో తెచ్చి అతికించిన దొంగబొమ్మ ఇది, పెట్టినవాళ్ళని బయటికి పంపండి అని ‘న్యాయం’ అనే కొత్త పేరుతో బృందం పెద్దకి రాసి పారేశాడు. బృందం పెద్ద రిటైరైన సర్వేయరు. ఆయన దగ్గర ఒక కట్టుబాటు ఉంది. దొంగబొమ్మ అని ఎవరైనా అంటే ఎగ్జిబిషన్ రోజున అందరి ముందూ పెద్ద తెర మీద తేల్చాలి. బొమ్మ అబద్ధమైతే పెట్టినవాళ్ళ పేరు, ఫిర్యాదు అబద్ధమైతే రాసినవాళ్ళ పేరు మైకులో చదివి బృందం నుంచి శాశ్వతంగా తీసెయ్యాలి. ఆ కట్టుబాటు పట్టుబట్టి పెట్టించింది మరెవరో కాదు, పెద్దల్లుడే.

ఎగ్జిబిషన్ రేపు. ఇవాళ పొద్దున్నే ఆయన షాపు షట్టరు ఎత్తి, గాజుపలకల మీద దుమ్ము తుడుస్తూ ఉండగా, గుమ్మంలో కారు ఆగింది. నెత్తి మీద ‘నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి’ అన్న బోర్డున్న కారు. అందులోంచి చిన్నల్లుడు చంకలో చుట్టిన కాగితంతో, నోట్లో ఈలతో దిగాడు.

“అన్నయ్యా! ఉన్నారా?”

“ఎదురుగా కనిపిస్తున్నాను కదా. ఉన్నట్టే లెక్క.”

“ఒక ఫ్రేము కట్టి పెట్టాలి అన్నయ్యా. పెద్దది. రేపు ఎదురుగోడకి. పక్క వీధిలో కట్టిద్దామా అన్నానో లేదో, మా ఆవిడ నా మీద పడింది. బావగారి షాపు ఉండగా వేరే గడప తొక్కితే ఊరుకోనంది.”

పెద్దల్లుడి కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీశారు. తన గోడ లాక్కున్నది చాలక, ఆ గోడకి మేకు కూడా తనచేతే కొట్టిస్తాడా! కానీ మొహం మీదికి ఒక నవ్వు తెచ్చి పెట్టుకున్నాడు. ఆ నవ్వుకీ ఒక కారణం ఉంది. రేపీపాటికి ఈ ఫ్రేము ఎక్కిన గోడ నుంచే దిగిపోతుంది. ఈలవేసుకుంటూ వచ్చినవాడు తల దించుకుని పోతాడు. ఆ మాట తలుచుకోగానే కడుపు కాస్త చల్లబడి, “దానికేం తమ్ముడూ, నా చేత్తో నేనే కడతాను” అన్నాడు.

ఈ అల్లుళ్ళిద్దరి మధ్యా మంట ఇవాళ్టిది కాదు. మంట ఇద్దరి మధ్యా అన్నాను గానీ అదంతా ఒకవైపే. చిన్నల్లుడికి దాని వేడి కూడా తగల్లేదు. అత్తగారింటికి చిన్నల్లుడు వెళ్తే, మోకాళ్ళ నొప్పులని మంచం దిగని అత్తగారు లేచి వీధిగుమ్మం దాకా వస్తుంది. పెద్దల్లుడు వెళ్తే “నువ్వా నాయనా, ఆ తలుపు వేసెయ్యి, దోమలొస్తాయి” అంటుంది. చిన్నల్లుడు చెప్పిన జోకుకి ఇల్లంతా నవ్వుతుంది. అదే జోకు పెద్దల్లుడు చెబితే “ఇది ఇంతకుముందు చిన్నల్లుడు చెప్పాడు” అంటారు. ఎప్పుడో ఒకసారి మామగారు గోడగడియారం బాగుచేయమని పెద్దల్లుడికి ఇచ్చి, మర్నాడు వెనక్కి తీసుకుని చిన్నల్లుడికి ఇచ్చాడు. ఆ గడియారం ఇప్పటికీ సరిగ్గా నడుస్తూ ఉండడం పెద్దల్లుడికి పెద్ద బాధ. ఉపగ్రహం ఫొటోలొక్కటే ఆయనకి మిగిలిన రాజ్యం. అందులోకి కూడా వీడు చెప్పులతో నడిచొచ్చాడు.

కాగితం విప్పి బల్ల మీద పరిచారు. ఇంతవరకూ పెద్దల్లుడు ఆ బొమ్మని ఫోను తెర మీద అగ్గిపెట్టెంత సైజులోనే చూశాడు. బృందంలో అదొక పద్ధతి. ఎగ్జిబిషన్ అయ్యేదాకా చుట్టూ అంచులు కత్తిరించిన చిన్నబొమ్మే పెడతారు. అక్షాంశాలు, రేఖాంశాలు సర్వేయరు గారికి తప్ప ఎవరికీ చెప్పరు. లేకపోతే పక్కవాడు ముందే వెళ్ళి ఆ చోటు నాదంటాడు.

ఇప్పుడది బల్లంత బొమ్మ. కాలిన మట్టి రంగు నేల అంచుల దాకా పరుచుకుని ఉంది. మధ్యలో నిలువు గోడల గుంట. గుంట అడుగున పచ్చదనం, ఆ పచ్చదనంలో సన్నగా మెరిసే నీటి గీత. వాన మొహం ఎరగని నేల తన కోసమని దాచుకున్న అడవిలా ఉంది. బాగుంది. చాలా బాగుంది. అంత బాగుండడమే పెద్దల్లుడికి సహించలేదు.

“ఫ్రేముకి ఏ బీడింగ్ చెక్క వేద్దాం?” అన్నాడు పెద్దల్లుడు.

“మీ ఇష్టం అన్నయ్యా. మీ చేతి పనికి నేను వంక పెడతానా?”

ఉన్నవాటిలోకెల్లా ఖరీదైన నల్ల బీడింగ్ తీశాడు. ఉరి తీసేముందు ఆఖరి కోరిక తీర్చే జైలరుకి కూడా ఇంత ఉదారత ఉండదు. స్కేలు పెట్టి అంచులు కొలుస్తూ, కిందిమూల దాకా వచ్చి ఆగాడు. అక్కడ ఉత్తరదిక్కు చూపించే చిన్న బాణం ఉంది. బాణం కిందికి తిరిగి ఉంది.

“ఇదేంటి? బొమ్మ తలకిందులుగా అచ్చయింది.”

“అచ్చు కాదన్నయ్యా, కావాలనే అలా తిప్పాం. మామూలుగా పెడితే గుంట కాస్తా కొండలా కనిపిస్తోంది. వెలుగు ఎప్పుడూ పైనుంచే పడుతుందని మన కన్ను అనుకుంటుందట కదా. నీడ పైకి ఉంటే గుంటని గుట్ట అనుకుంటుందట. తిప్పేస్తే సరిగ్గా కనబడుతుంది. మీకు తెలియందేముంది! బృందంలో కొత్తవాళ్ళకి పెట్టిన ఆ పాఠం మీరు రాసిందేగా. నేను చదివాను.”

నిజమే. రాసింది ఆయనే. లోకంలో అందరి కళ్ళూ మోసపోతాయని రాశాడు. తన కళ్ళకి కూడా ఆ నియమం వర్తిస్తుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. తిప్పిన బొమ్మలో నీడ కిందికి పడుతుందని చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. ఆ పాఠం రాసిన మనిషికి, బొమ్మ పెట్టింది చిన్నల్లుడు అనేసరికి తట్టలేదు. మోసమే తట్టింది. ఫిర్యాదు గుర్తొచ్చి పెద్దల్లుడు తాళం వేసిన సొరుగు వైపు చూశాడు.

ఇంతలో బయట హారన్ మోగింది. కారులో కూర్చోబెట్టి వచ్చిన శిష్యురాలు తెలియక దేన్నో నొక్కినట్టుంది. “ఒక్క నిమిషం అన్నయ్యా, వైపర్లు ఆడించేస్తోంది” అంటూ చిన్నల్లుడు పరిగెత్తాడు.

పెద్దల్లుడు బొమ్మని రెండు మూలలా పట్టుకుని నెమ్మదిగా తిప్పాడు. బాణం పైకి వచ్చింది. గుంట పొంగి గుట్ట అయింది. అడవి గుట్ట నెత్తిన పొదలైంది. పక్కన కొడవలిలా వంపు తిరిగిన ఎండిన వాగు కనబడింది. ఆయన దాని మీదికి వంగాడు.

ఆ వాగు తనకి తెలుసు. ఆ గుట్టా తెలుసు. ‘బోర్లించిన గిన్నె’ అని దానికి తనే పేరు పెట్టాడు, చాన్నాళ్ళ కిందట ఒక సాయంత్రం. భోజనాల బల్ల మీద టాబ్లెట్ పడుకోబెట్టి ఉంది. దాని స్టాండు విరిగాక ఆయన అలాగే చూస్తున్నాడు. ఆయన ఇటువైపు కుర్చీలో, భార్య అటువైపు కుర్చీలో. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. చేతిలో ఎర్రపెన్ను, ముందర పరీక్ష పేపర్ల కట్ట.

“ఇదిగో, ఇటు చూడు. గిన్నె బోర్లించినట్టు లేదూ?” అన్నాడు ఆయన.

ఆవిడ పెన్ను ఎత్తి చూసింది. “బోర్లా ఎక్కడుందండీ? వెల్లకిలా ఉంది. అది గుంట. అడుగున పచ్చగా ఏదో ఉంది కూడా.”

“గుంటేమిటి, నీ మొహం. గుట్ట అది. పైన పొదలు.”

“నాకు గుంటలాగే కనిపిస్తోందండీ.”

“కనిపిస్తుంది, కనిపిస్తుంది. నువ్వు పేపర్లు దిద్దుకో.”

అంతే. ‘మామూలు గుట్ట’ అని వేలితో పక్కకి తోసేసి వేరే దేశానికి వెళ్ళిపోయాడు. ఈ లోకంలో ఆ చోటుని తలకిందులుగా చూసిన మనిషి ఒక్కరే ఒక్కరు. బల్లకి అవతలివైపు కూర్చున్న మనిషి.

పెద్దల్లుడు స్టూలు మీద కూలబడ్డాడు. ఇంతసేపూ ఒక గోడ కోసం కుళ్ళుకున్నాడు. ఇప్పుడు తెలిసింది, అదసలు కుళ్ళే కాదని. తన ఇంట్లో, తన బల్ల మీద, తన ఎదురుగా కూర్చుని చూసిన వింతని తన పెళ్ళాం తీసుకెళ్ళి వాడి చేతిలో పెట్టింది! ఆ ఇద్దరూ ఒక తెర మీదికి తలలు వంచి చూస్తున్నట్టు, వాడేదో అంటే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నట్టు, చెల్లెలు టీ కప్పులు తెచ్చి పెడుతున్నట్టు, అందరూ ఉన్న ఆ గదిలో తనొక్కడే లేనట్టు కళ్ళ ముందు కదిలింది. ఆవిడ మీద అనుమానం లేదు. అలాంటి అనుమానమైనా కాస్త గౌరవంగా ఉండేదేమో. తనని లెక్కలోంచి తీసేశారన్న కసి అది.

చిన్నల్లుడు చేతులు దులుపుకుంటూ తిరిగొచ్చాడు. “పాపం, కుడి ఎడమ తెలీదన్నయ్యా ఆవిడకి. మీ పని ఎంతవరకు వచ్చింది?”

“ఈ చోటు నువ్వే చూశావా?”

చిన్నల్లుడు బొమ్మ వంక చూశాడు, అది తిరిగి ఉండడం గమనించాడు, మెడ గోక్కున్నాడు. “అబద్ధమాడటం నాకు చేతకాదన్నయ్యా. రేపటిదాకా చెప్పొద్దన్నారు.”

“ఎవరు?”

“వదిన.”

“అంటే నీ పేరున ఆవిడ...”

“నా పేరేం లేదన్నయ్యా! బొమ్మ పెట్టిన రోజే రాశాను కదా, మా ఇంట్లోవాళ్ళు చూసింది అని. చదవలేదా మీరు? సర్వేయరు గారి దగ్గర వదిన పేరే ఇచ్చాం. రేపు హాల్లో ఆయన మైకులో చదివితే మీరు ఉలిక్కిపడాలని వదినకి సరదా. నేను చెప్పానని మాత్రం అనకండి, నన్ను గడప తొక్కనివ్వరు.”

పెద్దల్లుడు ఆ బొమ్మ కింద రాసిన మాటలు చదవలేదు. దానికి ఎంతమంది చప్పట్లు కొట్టారో అదొక్కటే చూశాడు, రోజుకి పదిసార్లు చూశాడు. అయితే ఫిర్యాదు తగిలింది చిన్నల్లుడికి కాదు. దొంగబొమ్మ పెట్టిన మనిషిగా రేపు హాల్లో లేచి నిలబడాల్సింది తన భార్య.

మంచివాడైతే ఇక్కడ తల పట్టుకుని ఏడ్చేవాడు. పెద్దల్లుడు చెడ్డవాడు కాదు గానీ, ఆయనకి ముందు వచ్చింది ఏడుపు కాదు, ఒక ప్రశ్న. నాకు చెప్పలేదు సరే, వాడికెందుకు చెప్పింది? ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరుగుతుంటే గాజుపలక తీసుకుని గీత పెట్టాడు. ఎన్నో ఏళ్ళుగా గాజు కోస్తున్న చెయ్యి. గీత పక్కకి పోయి, పలక మూలదాకా పగిలింది.

“అయ్యో, చెయ్యి తెగలేదు కదా?” అన్నాడు చిన్నల్లుడు, నిజంగానే కంగారుపడుతూ.

“లేదు. నువ్వు వెళ్ళు. రేపు పొద్దున నేనే హాలుకి తెస్తాను.”

కారు కదిలి మలుపు తిరిగాక సొరుగు తాళం తీశాడు. ఫిర్యాదు వెనక్కి తీసుకోవచ్చేమోనని చూశాడు. దాని పక్కన సర్వేయరు గారు చదివేసినట్టు గుర్తు పడి ఉంది. ఇంకో గాజు కోసి, బీడింగ్ మూలలు కలిపి, వెనక అట్ట బిగించి, సాయంత్రందాకా మరో పని ముట్టుకోకుండా కూర్చున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ అదే బల్ల దగ్గర అదే కుర్చీలో పేపర్లు దిద్దుతోంది. ఆయన చెప్పులు విప్పి, మొహం కడుక్కుని, ఎదురుగా కూర్చున్నాడు. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. చివరికి, “ఈ మధ్య మీ చెల్లెలింటికి రాకపోకలు ఎక్కువైనట్టున్నాయి” అన్నాడు.

“చెల్లెలిల్లు కదండీ. దానికీ ఒక హాజరుపట్టీ పెట్టమంటారా?”

“ఫ్రేము కట్టించుకోవడానికి మీ మరిది వచ్చాడు.”

ఎర్రపెన్ను ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. “చెప్పేశాడా?”

“వాడు చెప్పలేదు. బొమ్మ చెప్పింది. నేను గుడ్డివాణ్ణి కాదు.” గొంతు పెరిగింది. “ఆ చోటు నాది. ముందు చూసింది నేను. పేరు పెట్టింది నేను.”

“మీరు చూసింది కొండండీ. నేను చూసింది గుంట. రెండూ ఒకటి ఎలా అవుతాయి?”

“నాకు చెప్పొచ్చుగా?” అన్నాడు.

“చెప్పలేదా?” ఆవిడ పెన్నుకి మూత పెట్టి పక్కన పెట్టింది. “ఆ రోజు ఇదే బల్ల మీద చెప్పాను. పేపర్లు దిద్దుకోమన్నారు. తర్వాత ఒక ఆదివారం, ఆ గిన్నె మళ్ళీ ఒకసారి చూపించండి అన్నాను. లక్ష గుట్టల్లో ఏదని వెతకను అన్నారు. అక్కడితో ఊరుకుందామనుకున్నాను. కానీ ఆ పచ్చదనం నా కళ్ళల్లోంచి పోలేదండీ. స్టాఫ్ రూములో కంప్యూటరు ఖాళీగా ఉన్నప్పుడల్లా వెతికాను. కొడవలి వంపు వాగొక్కటే నాకు గుర్తు. వాగు తర్వాత వాగు పట్టుకుని పోయాను. టీచర్లంతా నాకేదో పిచ్చి పట్టిందనుకున్నారు. దొరికిన రోజు బడి గంట కొట్టినా నాకు వినబడలేదు.”

ఆవిడ మొహంలో ఆ రోజు వెలుగు ఇంకా ఉంది. పెద్దల్లుడు అది చూశాడు. ఆ వెలుగుని తనకంటే ముందు ఇంకొకడు చూశాడన్న ఆలోచనతో ఆయన మనసు మళ్ళీ నల్లబడింది.

“మరి దొరికాక వాడి దగ్గరికి పరిగెత్తడం ఎందుకు?”

“పరిగెత్తలేదు. చెల్లెలింట్లో ఉన్నప్పుడు, అతను ఫోనులో ఇదే బృందం చూస్తుంటే, ఆ చోటు అంకెలు కొట్టి చూడమన్నాను. చూశాడు. నాకు గుట్టలా ఉంది వదినా అన్నాడు, మీలాగే. తర్వాత ఇంకో మాట అడిగాడు. ఆ మాట మీరు అడుగుతారని నేను చాన్నాళ్ళు చూశాను.”

“ఏం మాట?”

“‘వదినా, మీకేం కనిపిస్తోంది?’ అని. అంతే. నేను చెప్పాను. అతను ఫోను తిప్పాడు.”

ఇంతేనా అనుకున్నాడు పెద్దల్లుడు ముందు. తర్వాత ఆ మాట లోపలికి దిగి, దిగినకొద్దీ మండింది. గడియారం, అత్తగారు వీధిగుమ్మం దాకా రావడం, ఎదురుగోడ, ఇవన్నీ వాడు తన దగ్గర్నుంచి లాక్కున్నాడని ఇన్నాళ్ళూ ఏడ్చాడు. ఇది మాత్రం లాక్కున్నది కాదు. తన నోట ఉండాల్సిన నాలుగు ముక్కలు. తను అనలేదు, వాడు అన్నాడు. దీనికి ఎవరి మీద కుళ్ళుకోవాలో కూడా తెలియలేదు. తెలియకపోయినా కుళ్ళు ఆగలేదు.

“అయితే వాడే మంచివాడు. ఇంకేం, వాడితోనే వెళ్ళు ఎగ్జిబిషన్‌కి” అన్నాడు.

ఆవిడకి కోపం రావాలి. రాలేదు. పేపర్ల కట్ట సర్ది, బల్ల అంచుకి జరిపి, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. “ఎవరితో వెళ్ళాలన్నది తర్వాత సంగతి. అసలు వెళ్ళాలా వద్దా అన్నది చూడాలి. మధ్యాహ్నం సర్వేయరు గారు స్కూలుకి ఫోన్ చేశారు.”

పెద్దల్లుడు కుర్చీ ముందుకి జరిపాడు. “ఏమట?”

“నా బొమ్మ దొంగబొమ్మ అని ఎవరో రాశారట. నీడలు తప్పట. ఎక్కడివో ముక్కలు అతికించానట.”

“ఎవడు వాడు?” అన్నాడు. కోపంగా అనాల్సిన మాట కాస్తా కప్పగంతులేసుకుంటూ వచ్చింది.

“ఎవరైతేనేం. రేపు అందరి ముందూ తేలుస్తారు. తేల్చడం నాకేం కష్టం కాదండీ. ఆ చోటు తెర మీద పెట్టి ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పితే చాలు. కానీ నేను గెలిస్తే ఆ రాసిన మనిషి పేరు మైకులో చదువుతారు. మళ్ళీ బృందం గడప తొక్కనివ్వరు. ఏళ్ళ తరబడి అదే ప్రాణంగా బతికిన మనిషైనా సరే, వదలరట.” ఎర్రపెన్ను బల్ల మీద దొర్లించింది. “అలా కాకుండా నేను నోరు మూసుకుని కూర్చున్నాననుకోండి, నా పేరు చదువుతారు. హాలు నిండా మా స్కూలు పిల్లల అమ్మానాన్నలే. కాపీ కొట్టొద్దని రోజూ పిల్లలకి చెప్పే టీచరు దొంగబొమ్మ పెట్టిందని చెప్పుకుంటారు. సోమవారం ఏ మొహం పెట్టుకుని బోర్డు ముందు నిలబడను?”

“నువ్వెందుకు నోరు మూసుకోవాలి?” పెద్దల్లుడికి ఆవేశం పొంగుకొచ్చింది. అది ఆవిడ మీది ప్రేమో, తన మీది భయమో ఆయనకే తెలియదు. “చేతకాక కుళ్ళుకుని రాసినవాడిదే తప్పు. వాడి పేరే చదవనీ!”

“అంతేనంటారా?”

“అంతే!” అని బల్ల మీద గుద్దాడు కూడా.

ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. పరీక్ష హాల్లో పిల్లవాడు జేబులోంచి చెయ్యి ఎప్పుడు తీస్తాడా అని ఎదురుచూసే టీచరు చూపు అది. చూసి చూసి, చాలా మెల్లగా అంది.

“పేరు కొత్తది పెట్టుకున్నా, ఫోను నెంబరు పాతదేనటండీ. సర్వేయరు గారు నాకు చదివి వినిపించారు. మన నెంబరు నాకు తెలియదా? చెప్తారేమోనని మీరు గుమ్మంలో అడుగు పెట్టిన దగ్గర్నుంచీ చూస్తున్నాను.” ఆవిడ ఎర్రపెన్ను ఆయన వైపుకి జరిపింది. “ఇప్పుడు చెప్పండి. రేపు హాల్లో ఎవరి పేరు చదవమందాం? మీదా, నాదా?”